పాలు పోసే సూరమ్మ ఇంకా రాలేదు

నేను ఒక కార్డును. శుభలేఖను కాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నన్ను అచ్చువేసిన వీర్రాజు గారికే ఆ సంగతి ఆఖరిదాకా అర్థం కాలేదు.

కాకినాడలో మెయిన్ రోడ్డు వెనక సందులో ఆయన ప్రెస్సు. సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులవి. పైగా మూఢం. పెళ్లిళ్లు లేక మిషను ఖాళీగా ఉంది. అప్పుడు మా హైమావతి ఒక నమూనా కాగితం పట్టుకుని వెళ్లి, పోస్టుకార్డు సైజులో దళసరి అట్ట మీద ఇలా వేసిపెట్టమని అడిగింది. వీర్రాజు గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"వధూవరుల పేర్లు ఎక్కడేయమంటారండీ?"

"పెళ్లి కాదండీ వీర్రాజు గారూ. రేడియోలో మాట్లాడుకున్నవాళ్లు ఒకళ్లకొకళ్లు పంపుకునే కార్డు ఇది. ఎవరితో మాట్లాడామో, ఏ రోజో, ఎన్ని గంటలకో ఆ గళ్లలో చేత్తో రాసుకుంటాం. అవి ఖాళీగా వదిలేయండి."

"ముహూర్తం ఖాళీగా వదిలేత్తారేంటండీ!" అని ఆయన నిజంగానే బాధపడ్డారు. అచ్చు మాత్రం చక్కగా వేశారు. కట్ట కట్టేటప్పుడు చెయ్యి ఊరుకోక మా అందరికీ నాలుగు మూలలా పసుపు రాసేశారు. ఇదేంటండీ అని హైమావతి అడిగితే, పసుపు లేకుండా నా గడప దాటిన కార్డు లేదండి అన్నారు.

ఇంతకీ నా పనేమిటో చెప్పాలి. గవర్నమెంటు పరీక్ష పాసై, లైసెన్సు పుచ్చుకుని, ఇంట్లోనే సొంత రేడియో పెట్టుకుని, ఎక్కడెక్కడి ముక్కూమొహం తెలియని మనుషులతోనో మాట్లాడే జాతి ఒకటుంది. హామ్‌లంటారు వాళ్లని. పక్కింట్లో ఎవరికి జ్వరమో తెలియదుగానీ పెరూలో వాన పడుతోందో లేదో తెలుసుకుంటారు. మాట్లాడడం అయ్యాక, అవును, మనం ఫలానా రోజు మాట్లాడుకున్నాం అని కార్డు రాసి పంపుకోవడం వాళ్ల మర్యాద. కార్డు చేతికి వచ్చేదాకా ఆ సంభాషణ వాళ్ల దృష్టిలో సగమే. మనుషులు ఒకరి మాట ఒకరు నమ్మితే నేను పుట్టేదాన్నే కాదు. అందుకని ఈ విషయంలో నేను పెద్దగా ఫిర్యాదు చేయను.

హైమావతి అసలు పని నట్టువాంగం. అంటే పిల్లలు నాట్యం చేస్తుంటే పక్కన కూర్చుని, చేతితాళాలు మోగిస్తూ, జతులు చెప్పడం. ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చి ఊరికి కరెంటూ ఫోన్లూ పోయినప్పుడు హామ్‌లు వచ్చి వీధి చివర హైస్కూల్లో రేడియో పెట్టారట. వాళ్లకు పులిహోర పట్టుకెళ్లిన హైమావతి చెవిన ఒక చప్పుడు పడింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మళ్లీ పొడుగు, మళ్లీ పొట్టి. గిన్నె కింద పెట్టడం కూడా మరిచిపోయి, "ఇది ఏ తాళమండీ?" అని అడిగింది.

"తాళం కాదమ్మా, మోర్సు కోడు. బ్యాటరీ అడుగంటి గొంతు వినబడకపోయినా ఇది వినబడుతుంది," అన్నారు రేడియో ముందున్నాయన.

ఆవిడకు మాత్రం అది తాళమే. గురువులు, లఘువులు, వాటి మధ్య విరామాలు. జతులు నేర్చుకున్నట్టే కోడు నేర్చుకుంది. పరీక్ష పాసైంది. మేడ మీద రెండు వెదుళ్ల మధ్య తీగ కట్టింది. "ఇంత తీగ కట్టావు, ఒక్క సినిమా అయినా వస్తుందా ఇందులో?" అన్నారు భర్త సోమసుందరం గారు. రాదని తెలిశాక కూడా ఎండలో వెదురు పట్టుకుని నిలబడ్డది ఆయనే.

ఊళ్లో హామ్‌లకు ఒక క్లబ్బుంది. దానికి పెద్ద పినాకపాణి గారు, పోర్టులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. తుఫాను వస్తోందంటే క్లబ్బువాళ్లు ఒక బృందంగా తీరానికి వెళ్లి రేడియో పెడతారు. అందులో మోర్సు వినే మనిషికి ఒక కుర్చీ ఉంది. అందులో కూర్చునే ఆయనకు బదిలీ అయింది. ఆ కుర్చీ తనకు ఇమ్మని హైమావతి అడిగింది. ఇన్నేళ్లు చప్పట్ల కోసం వాయించిన చేతులు, ఒక్కసారైనా ఎవరి ప్రాణం కోసమైనా పనిచేయాలని ఆవిడ కోరిక. అంతకంటే పెద్ద కోరిక ఆవిడకు మరొకటి ఉన్నట్టు నాకు ఎప్పుడూ కనబడలేదు.

"అడగ్గానే ఇచ్చే కుర్చీ కాదమ్మా అది," అన్నారు పినాకపాణి గారు. "సముద్రాల అవతలి స్టేషనుతో మోర్సులో మాట్లాడి, అవతలివాళ్ల కార్డు తెచ్చి చూపించండి. దసరాలోపల తెస్తే కుర్చీ మీది. ఎవరికైనా ఇదే రూలండి."

రూలు రూలే. హైమావతి రోజూ వేకువన లేచి రేడియో ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. ఆవిడ రేడియో చిన్నది, దాని బలం ఒక టార్చిలైటు పాటిది. బల్ల మీద కట్టలో అన్నిటికంటే పైన ఖాళీ మొహంతో నేను.

మాఘమాసంలో ఒక ఆదివారం తెల్లవారుజామున దక్షిణ అట్లాంటిక్‌లో చుక్కంత దీవి ఒకటి పిలిచింది. అక్కడ పెంగ్విన్లూ, గొర్రెలూ, గాలీవానా కొలిచే ఉద్యోగంలో ఎవాన్ అనే యువకుడూ ఉంటారు. అలాంటి చోటు నుంచి పిలుపు వస్తే ప్రపంచంలో సగంమంది హామ్‌లు ఒకేసారి మీదపడతారు. చేపల మార్కెట్టే. హైమావతి వాళ్లతో పోటీపడి అరవలేదు, అరిచే బలం ఆ రేడియోకు లేదు కూడా. విన్నది. ఎక్కడ అందరూ ఊపిరి తీసుకుంటున్నారో కనిపెట్టింది. ఆ సందులో, నాట్యకత్తె అడుగు కింద తాళం వేసినట్టు, తన పేరుకు బదులు వాడే గుర్తును ఒక్కసారి వేసింది.

దీవి ఆ గుర్తును తిరిగి పలికింది. సన్నగా, స్పష్టంగా. "మీరు వినబడుతున్నారు. ధన్యవాదాలు." అంతే సంభాషణ.  ఆ సంబరంలోనే హైమావతి నన్ను అందుకుని, గోడ గడియారం చూసి, గళ్లలో ఆదివారం తారీఖూ నాలుగూ యాభై అనీ రాసేసింది. వెనకవైపు చోటుంటే మనసాగక ఇంగ్లీషులో ఇంకో మాట కూడా రాసింది: ఇక్కడ ఇంకా చీకటిగానే ఉంది. పాలు పోసే సూరమ్మ ఇంకా రాలేదు. మీ దీవిలో పాలు ఎవరు పోస్తారు?

కొంప అక్కడే మునిగింది. సూరమ్మ దగ్గర కాదు, గడియారం దగ్గర. హామ్‌లందరూ ఏ దేశంలో ఉన్నా కార్డు మీద ఒకే గడియారం టైము రాయాలి. దాన్ని ప్రపంచ టైము అంటారు. అది మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది. మనకు ఆదివారం తెల్లవారబోతుంటే అందులో ఇంకా శనివారం రాత్రే. పరీక్షలో ఈ ప్రశ్నకు హైమావతి మార్కులు కూడా తెచ్చుకుంది. కానీ గుండె అంత వేగంగా కొట్టుకుంటున్నప్పుడు ఏ మనిషికైనా కంటి ఎదుట ఉన్న గడియారమే గడియారం.

ఆ సాయంత్రం నన్ను క్లబ్బుకు తీసుకెళ్లింది. దీవి పేరు చెప్పగానే గదిలో అందరూ నవ్వు ఆపుకున్నారు. ఆ దీవి కోసం ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్న పద్మరాజు గారైతే ఆపుకోలేదు కూడా.

"ఆ టార్చిలైటుతోనాండీ? ఎవడో ఆకతాయి ఆ దీవి గుర్తు వాడుకుని మీతో ఆడుకున్నాడు. అలాంటోళ్లు గాల్లో బోలెడుమంది ఉంటారండి."

పినాకపాణి గారు నవ్వలేదు. నన్ను చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, మొహం చిట్లించారు. "ఇది ఉత్తరం కాదు హైమావతి గారూ. రుజువు పత్రం. పాల సూరమ్మ సంగతి ఇందులో ఎందుకండీ?" అని మందలించి, పోనీలెండి, పంపండి అని నన్ను తిరిగి ఇచ్చేశారు. ఆయన దృష్టంతా సూరమ్మ మీదే. ముందువైపు గళ్ల మీద ఆయన చూపు ఆగనేలేదు.

 ఇంటికి వచ్చాక హైమావతి, "నిజంగానే ఎవరైనా ఆడుకున్నారంటారా?" అని భర్తను అడిగింది. ఆయన నన్ను పంపాల్సిన కవరు తెచ్చి స్టాంపు అంటించి పెట్టారు.

నా కాళ్లకు చక్రాలు మొలిచాయి. దీవికి ఓడ ఎప్పుడో గానీ పోదు. అందుకని ఎవాన్ తరఫున కార్డుల పనంతా స్కాట్లాండులో ఉండే అతని మేనత్త ఐల్సా చూస్తుంది. మాట్లాడేది ఒకరు, కార్డులు రాసేది మరొకరు. ఇది హామ్‌లలో ఉన్న ఏర్పాటే. ఎవాన్ ఎవరితో ఏ టైముకు మాట్లాడాడో రాసుకున్న కాగితాలు ఓడలో ఆమెకు చేరతాయి. వచ్చిన కార్డుకూ ఆ కాగితాలకూ పొంతన కుదిరితే ఎవాన్ కార్డు పంపుతుంది. కుదరకపోతే, మాతో మాట్లాడలేదు అని ముద్ర గుద్ది వెనక్కి పంపుతుంది.

ఓడ వచ్చేదాకా నన్ను బిస్కెట్ల డబ్బాలో వేసింది. చలి అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. నాతోపాటు ఆ డబ్బాలో అన్ని దేశాల కార్డులూ ఉన్నాయి. వాటిలో శుద్ధ అబద్ధాలు కూడా ఉన్నాయి, దీవితో మాట్లాడకుండానే మాట్లాడామని రాసినవి. నిగనిగలాడే ఫొటోలతో, బంగారు అంచులతో అవే నాకంటే బాగా ముస్తాబై వచ్చాయి. నా పసుపు మూలలు చూసి అవి మొహాలు తిప్పుకున్నాయి.

వేసవి వెళ్లాక కాగితాలు వచ్చాయి. ఐల్సా బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ముక్కు మీద కళ్లజోడు, చేతి దగ్గర ఎర్రసిరా, పక్కన ముద్ర. నా వంతు వచ్చింది. ఆదివారం, నాలుగూ యాభై. కాగితంలో ఆ వేళకు గీత తప్ప ఏమీ లేదు. ఎవాన్ అప్పుడు నిద్రపోతున్నాడు.

"ఇంకొక అబద్ధం," అని ఐల్సా ముద్రను సిరాలో అద్దింది.

నాకు చెమట పట్టదుగానీ, పట్టే వీలుంటే అప్పుడు పట్టేది. ఆ ముద్ర పడితే కాకినాడలో ఆ కుర్చీ పోతుంది. అదొక్కటే కాదు. ఎవడో ఆకతాయి ఆడుకున్నాడన్న మాట నిజమైపోతుంది. ఇక హైమావతి తన చెవిని తానే నమ్మలేకపోతుంది.

కానీ బడిపంతులమ్మలకు ఒక అలవాటుంటుంది. జవాబు తప్పని తెలిసినా పేపరంతా చదవకుండా సున్నా వేయరు. ఐల్సా నన్ను వెనక్కి తిప్పి చదివింది. ముందు నవ్వింది. తరవాత నవ్వు ఆగిపోయింది.

"ఇంకా చీకటిగా ఉందా?" అంది నాతోనే. "ఈ టైముకు ఇండియాలో ఉదయం పది దాటి ఉంటుంది. పది దాటాక చీకటేమిటి? పాలమ్మాయి రాకపోవడమేమిటి?"

వేళ్ల మీద ఐదున్నర గంటలు వెనక్కి లెక్కపెట్టుకుంది. అంతకు ముందురోజు కాగితం తీసింది. శనివారం రాత్రి గీతల మధ్య, ఎవాన్ గజిబిజి రాతలో, మా హైమావతి గుర్తు కనబడింది. పక్కన అతను చిన్నగా రాసుకున్న మాటలు కూడా ఉన్నాయి: చాలా సన్నగా వినబడింది. ఎంత లయగా ఉందో ఈ చెయ్యి!

ఐల్సా ముద్ర పక్కన పెట్టేసింది. ఎవాన్ కార్డు మీద సరైన రోజూ టైమూ రాసి, అతని మాటలు కూడా కింద ఎక్కించింది. తరవాత ఎర్రసిరా తీసి నా గళ్లలో తప్పు కొట్టేసి, మార్జిన్లో ప్రపంచ టైము వాడండి అని రాసి, కింద రెండు గీతలు కూడా గీసింది. తప్పు కార్డు తన డబ్బాలో ఉండడం ఆమెకు ఇష్టం లేదు. సరిదిద్దుకుని కొత్తది పంపమని చీటీ పెట్టి, ఎవాన్ కార్డుతోపాటు నన్నూ కవరులో పెట్టింది. చీటీ చివర ఇంకో వాక్యం ఉంది: దీవిలో పాలు డబ్బాల్లో వస్తాయట, మా మేనల్లుడికి మీ సూరమ్మ మీద అసూయగా ఉంటుంది.

వినాయక చవితి వెళ్లిన వారంలో ఇల్లు చేరాం. కవరు విప్పి, ఎవాన్ మాటలు చదువుకుని హైమావతి ఏడ్చింది. దాచుకోకుండా, హాల్లో నిలబడే ఏడ్చింది. ఆ తరవాత నన్ను చూసి నాలుక కరుచుకుంది.

"ఆ ఎర్రసిరాదాన్ని ఇంట్లో వదిలెయ్. దీవి కార్డొకటి చాలదూ?" అన్నారు సోమసుందరం గారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. రూలు అడిగింది అవతలివాళ్ల కార్డునే. నన్ను ఎవరూ అడగలేదు. హైమావతి నన్ను బల్ల సొరుగులో పెట్టింది. చెప్పులు వేసుకుంది. వీధి గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వచ్చి సొరుగు తీసింది.

క్లబ్బులో దీవి కార్డు చేతులు మారుతూ గదంతా తిరిగింది. పద్మరాజు గారు దాన్ని చాలాసేపు వదల్లేదు. "తల్లీ, నాకు నోటి దురదండి, క్షమించండి," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పినాకపాణి గారు లేచి ఏదో చెప్పబోతుంటే హైమావతి నన్ను తీసి ఆయన ముందు పెట్టింది.

"దీన్ని కూడా చూసి చెప్పండి పాణి గారూ. గోడ గడియారం చూసి టైము తప్పు రాసేశానండి. ఆవిడ మంచిది కాబట్టి కనిపెట్టింది. కుర్చీ ఇచ్చాక మీకు తెలిసేకంటే, ఇప్పుడే తెలియడం నయం కదండీ."

 పద్మరాజు గారే మెల్లగా అన్నారు. "తుఫానప్పుడు టైము తప్పితే మరి కష్టమేనండి. తీరం ఎప్పుడు దాటుతుందో, పడవలు ఎప్పుడు లాగేయాలో..."

"నాకూ అదే భయమండి," అంది హైమావతి. 

పినాకపాణి గారు కళ్లజోడు పెట్టుకుని నన్ను ముందూ వెనకా చూశారు. ఎర్రసిరా చూశారు. మళ్లీ కూర్చున్నారు.

"ఈ కార్డు నా చేతిలోంచే వెళ్లిందండి," అన్నారు చివరికి. "నేను పాల సూరమ్మను కోప్పడ్డానుగానీ టైము చూడలేదు. నేను చూడాల్సింది అదే. ఇద్దరం తప్పాం. ఇంకెవరూ తప్పకూడదు. తుఫానప్పుడు రేడియో ఎక్కడ పెట్టినా గోడ మీద ఇకనుంచి రెండు గడియారాలుండాలి, ఒకటి మనది, ఒకటి ప్రపంచానిది. మధ్యలో ఈ కార్డు పెట్టి మేకు కొట్టండి. హైమావతి గారూ, కుర్చీ మీదే. కానీ ప్రతి కబురుకీ ముందు ఈ ఎర్రసిరా చూసి టైము రాయండి. నేనూ చూస్తాను."

అలా నా నుదుటికి మేకు పడింది. నొప్పి సంగతి అడగకండి. తప్పుగా రాసిన కార్డుకు అంతకంటే పెద్ద ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?

కార్తీకంలో తుఫాను వచ్చింది. ఉప్పాడ దగ్గర బడిలో బృందం దిగి, రెండు గడియారాలనూ వాటి మధ్య నన్నూ అక్కడి గోడకు తగిలించింది. మధ్యాహ్నమే దీపాలు పెట్టుకోవలసిన చీకటి. హాలంతా తీరపు జనం, పిల్లలు, తడిసిన మూటలు. ముందురోజు వేటకు వెళ్లిన పడవలు తిరిగి రాలేదు. ఫోన్లు లేవు. రేడియోలో గొంతులు హోరులో కలిసిపోయాయి. ఆ తరవాత, ఉత్తరాన ఎక్కడో ఒక రేవు నుంచి, అయిపోవచ్చిన బ్యాటరీతో ఎవరో మోర్సు పంపడం మొదలుపెట్టారు.

హైమావతి కళ్లు మూసుకుని విన్నది. పెన్సిలు కదిలింది. తల ఎత్తి రెండు గడియారాలూ చూసింది, నన్నూ చూసింది, టైము రాసింది. పినాకపాణి గారు వెనక నిలబడి తల ఊపారు. పడవలు ఆ రేవులోకి కొట్టుకొచ్చాయని కబురు. మనుషులు క్షేమంగా గట్టెక్కారు. ఇక పేర్లు, అక్షరం తరవాత అక్షరం. ఒక్కొక్క పేరు పూర్తికాగానే ఆవిడ హాల్లోకి గట్టిగా చదువుతోంది. ఒక్కొక్క పేరుకూ హాల్లో ఒక్కొక్క మూల నుంచి ఏడుపు లేస్తోంది, అది మంచి ఏడుపు.

"ఎల్లాజీ," అని చదివింది.

గోడ పక్కన చంటిపిల్లతో కూర్చున్న ఒక మనిషి ఒక్క ఉదుటున లేచింది. నూకరత్నం ఆమె పేరు. "మళ్లీ సదవండమ్మా," అంది.

హైమావతి మళ్లీ చదివింది.

"ఇంకోపాలి."

ఇంకోసారి చదివింది.

ఆ రేవులో కోడు పంపిన మనిషి ఎవరో ఇవాళ్టికీ మాకు తెలియదు. అతనికీ హైమావతికీ మధ్య కార్డేదీ నడవలేదు. పంపాలని ఆవిడకుగానీ, అడగాలని క్లబ్బులో ఎవరికైనాగానీ తోచలేదు. నా జాతి మొత్తం మాటకు రుజువు కావడానికే పుట్టింది. మేకుకు వేలాడుతూ ఆ మధ్యాహ్నం నేను చూస్తూనే ఉన్నాను. నూకరత్నం రుజువేమీ అడగలేదు. మొగుడి పేరు మూడోసారి కూడా విని, కొంగుతో మొహం తుడుచుకుని, పిల్లకు అన్నం పెట్టడానికి వెళ్లింది.